మంగళము పాడని హాస్యము



కొడంగల్ ప్రాంతమున వయసు మీఱినవారికి వీధిబాగోతమును గూర్చి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. పంట యిల్లు చేరిన పిమ్మట ఊరినడుమ గుంజలు పాతి, పందిరి వేసి, తెర పట్టి, ప్రొద్దుపోయిన తరువాత ఆట మొదలిడెడివారు. పిల్లలు తల్లుల ఒడిలో నిదురించి, హాస్యగాడు వచ్చినపుడు మాత్రము మేల్కొని నవ్వి, మరల నిదురించెడివారు. ఆట ఎంత రసవత్తరముగ సాగినను తెల్లవాఱువేళకు మంగళహారతి పాడెడివారు. హారతి పళ్లెములో ఎవరికి తోచినది వారు వేసి, దుప్పటి భుజమున వేసికొని, ఇండ్లకు మరలెడివారు. మఱునాడు రచ్చకట్టమీద అంతయు ఆ యాటను గూర్చియే మాట. ఇంక కొంచెముసేపు ఆడియుండిన బాగుండెడిదని జనులు అనుకొనుటలోనే ఆ యాటకు గౌరవ ముండెడిది.

నేను నేడు మీతో ముచ్చటింపదలచినది మంగళము పాడుట మఱచిన యొక యాటను గూర్చి. అది మన యింటిలోనే, గోడకు తగిలించిన టెలివిజనులో, సాయంకాలము కాగానే మొదలగును. ఏండ్ల తరబడి సాగును. అందులోని మనుష్యులు మన యింటివారివలెనే మనకు పరిచితులు. వారి మాటలకు మన మొకప్పుడు కడుపుబ్బ నవ్వితిమి. ఇప్పుడు నవ్వుట లేదు; ఐనను చూచుచునే యున్నాము. చుట్టము వచ్చిన మొదటినాడు ఇంటిల్లిపాదియు సంతసించును. ఆ చుట్టమే తిరుగు ప్రయాణపు మాట యెత్తక నెలలు గడపినచో వచ్చిననాటి సంతసము కూడ జ్ఞాపకమునకు రాదు. హాస్య ధారావాహికల కథయు నిట్టిదే.

మన దేశమున పల్లెలకు టెలివిజను మొదట వచ్చినప్పుడు దానికొక గడువుండెను. 1975 ఆగస్టు 1వ తేది మొదలు 1976 జూలై 31వ తేది వఱకు, అమెరికావారు ఎరవిచ్చిన ఉపగ్రహము సాయమున, ఆంధ్రప్రదేశము మున్నగు ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు ప్రసారములు జరిగెను. ఊరికొక పెట్టె, దానిచుట్టు ఊరివారందఱు. ఏడాది గడువు తీరినది, ప్రసార మాగిపోయినది. తరువాత 1980 దశకమున దూరదర్శనమువారు ధారావాహికలకు సాధారణముగ 13 వారముల లెక్కన అనుమతి నొసగుచుండిరి. వ్రాయువాడు తన కథ యెన్ని వారములలో ముగియవలయునో ముందే ఎఱిగి వ్రాయుచుండెను. 1995లో తెలుగున ప్రైవేటు చానళ్లు వెలసిన పిమ్మట ఆ గట్టు తెగినది. ఆదరణ యున్నంతకాలము కథ సాగవచ్చునను పద్ధతి యేర్పడినది. ఈటీవీలో 2008లో మొదలైన "అభిషేకం" అను ధారావాహిక 2022 వఱకు నడచి సుమారు నాలుగువేల భాగములకు చేరినది. ఇట్టి సాగదీతకు మన జనులే ఒక చక్కని పేరు పెట్టిరి. అది జీడిపాకము. పాకమును తగినంత లాగినచో తేలికయై రుచి పెరుగును. మితిమీఱి లాగినచో తీగలు తీగలై తెగిపోవును. ఆ మాట కనిపెట్టినవా రెవరో కాని, విషయమంతయు అందులోనే చెప్పిరి.

ఏడ్పు ధారావాహికల సంగతి యటుంచి, నేడు హాస్యమును మాత్రము తీసికొందము. ఇంగ్లీషువారు సిట్‌కామ్ అని పిలుచు ఈ హాస్య ధారావాహిక లక్షణ మేమనగా: ఒక చోటు, అయిదారుగురు మనుష్యులు, వారివారి స్వభావములు, ఇవి స్థిరముగ నుండును. ప్రతి భాగమునను ఒక చిక్కు వచ్చును, వారి స్వభావముల వలననే ఆ చిక్కు పెరుగును, అరగంటలో విడిపోవును. మరుసటి భాగము నాటికి అందఱును మొదటి చోటికే వచ్చియుందురు. లోభి లోభిగనే యుండును. అత్యాశాపరుడు బుద్ధి తెచ్చుకొనడు. బుద్ధి తెచ్చుకొన్నచో హాస్యము లేదు. కథ ముందునకు నడువకుండుటయే దీని బలము. అందుచేతనే దీనిని ఎన్నాళ్లయినను నడుపవచ్చునని తోచును. దీని అపాయము కూడ అక్కడనే పుట్టుచున్నది.

తెలుగున ఈ విద్యకు మేలైన ఉదాహరణము "అమృతం". గుణ్ణం గంగరాజుగారు రూపొందించిన ఈ ధారావాహిక 2001 నవంబరు 18వ తేదిన జెమిని టీవీలో ప్రారంభమై, ఆదివారపు రాత్రులందు ప్రసారమగుచుండెను. అమృతరావు, ఆంజనేయులు అను నిద్దఱు స్నేహితులు, ప్రక్కప్రక్క వాటాలు, వారి యిల్లాండ్రు, అద్దె కొఱకు వేధించు ఇంటి యజమాని అప్పాజీ, స్నేహితులు నడుపు "అమృత విలాస్" అను హోటలు, అందు పనిచేయు సర్వం. ఇంతియే సామగ్రి. అమృతరావునకు సులభముగ ధనవంతుడు కావలెనని ఆశ. ఆంజనేయులు వారించుచునే వెంట నడచును. తుదకు ఇద్దఱును పల్టీ కొట్టుదురు. ఆ ఆంజనేయులు పాత్రకు కీర్తిశేషులు గుండు హనుమంతరావుగారు తన ముఖమునే రూపుగ నిచ్చిరి. అమృతరావు పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ గారలు ఒకరి తరువాత ఒకరు ధరించిరి. ఇల్లాండ్ర పాత్రలందు గూడ నటీమణులు మాఱిరి. ఐనను జనులు సైరించిరి. ఏలయనగా వ్రాత మాఱలేదు. మాటలో చమత్కారము తఱుగలేదు. బూతు లేదు, పరిహాసమున విషము లేదు. తాతయు మనుమరాలును ప్రక్కప్రక్క కూర్చుండి చూడదగిన హాస్యమది.

2007 నవంబరు 18వ తేదిన, సరిగా ఆరేండ్లకు, 313 భాగములతో "అమృతం" ముగిసెను. అయ్యో యని జనులు అనుకొనుచుండగనే ముగిసెను. ఆ పిమ్మట ఆ భాగములను యూట్యూబున నెక్కింపగా, మొదట ప్రసారమైన నాటికి పుట్టనివారు గూడ వానిని చూచి నవ్వుచున్నారు. ఇది మంగళహారతి పాడిన యాటకు దక్కిన ఫలము.

ఐతే ఆ యింటివారే మరల తలుపు తట్టిరి. 2014లో "చందమామలో అమృతం" అను పేర గంగరాజుగారి దర్శకత్వముననే సినిమా వచ్చెను. హోటలును చంద్రునిమీద పెట్టిరి. ఆ సినిమాకు విజయము దక్కలేదు. కారణ మూహించుట కష్టము కాదు. అమృతరావు మన ప్రక్కవాటాలో నున్నంతవఱకు మన మనిషి. అద్దె బాకీ, ఉప్పు చాలని సాంబారు, ఇల్లాలి కోపము, ఇవి మన కష్టములు. చంద్రునిపై వచ్చు కష్టము మనది కాదు. 2020 ఉగాదికి జీ5 అను అంతర్జాల వేదికయందు "అమృతం ద్వితీయం" వెలువడెను. అప్పటికి హనుమంతరావుగారు లేరు. వారు 2018 ఫిబ్రవరిలో స్వర్గస్థులైరి. ఆ స్థానమున ఎల్.బి. శ్రీరాముగారు నటించిరి. ఆయన యెంతటి నటుడో మీరెఱుగుదురు. ఐనను ఆంజనేయులనగానే జనుల కన్నులయెదుట నిలుచునది పూర్వపు ముఖమే. పోయిన మనిషి కూర్చున్న పీటమీద వేఱొకరు కూర్చున్నప్పుడు, కూర్చున్నవాని తప్పేమియు లేకున్నను, ఇంటివారి గుండె కలుక్కుమనును గదా!

ఇక మంగళము పాడని దానిని చూడుడు. కొడంగల్ 1956 వఱకు గుల్బర్గా జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్విభజనమున మహబూబునగరు జిల్లాకు వచ్చి, 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలో చేరినది. అందుచేత ఇక్కడి జనులకు తెలుగుతో పాటు కన్నడమును, ఉర్దువును చెవి కలవాటు. తాండూరు, కొడంగల్ వీధులలో హిందీ ధారావాహికలు చూచు ఇండ్లకు కొదవ లేదు. అట్టి యిండ్లవారికి "తారక్ మెహతా కా ఉల్టా చష్మా" సుపరిచితము. తారక్ మెహతా అను గుజరాతీ హాస్యరచయిత 1971 నుండి "చిత్రలేఖ" పత్రికలో వ్రాసిన శీర్షిక దీనికి మూలము. 2008 జూలై 28వ తేదిన సబ్ టీవీలో ఇది ప్రారంభమైనది. బొంబాయిలో గోకుల్‌ధామ్ అను కల్పిత నివాససముదాయము. అందు గుజరాతీలు, మరాఠీలు, పంజాబీలు, ఒక తమిళుడు, ఒక బెంగాలీ యువతి, అందఱును ఒక కుటుంబమువలె మెలగుదురు. నడుమ జేఠాలాల్ అను ఎలక్ట్రిక్ సామానుల వర్తకుడు. ఆ పాత్రధారి దిలీప్ జోషీ కనుబొమ నెత్తినచాలు, నవ్వు వచ్చును. ఇంత చక్కని వస్తువు, ఇంత మంచి మనసు కల హాస్యము ఆ కాలమున అరుదు.

"అమృతం" వారమున కొకటి. ఇది దినమున కొకటి. 2024 నాటికి నాలుగువేల భాగములు దాటినది. ఈ నడుమ జరిగిన దేమి? జేఠాలాల్ భార్య దయ పాత్రధారిణి దిశా వకానీ 2017లో నటించుట మానెను. ఆ పాత్రను ముగింపలేదు, వేఱొకరికి ఇయ్యలేదు. దయ రేపు వచ్చును, ఎల్లుండి వచ్చునని యేండ్ల తరబడి ప్రేక్షకులకు ఆశ చూపిరి. దుకాణములోని ముసలి గుమాస్తా నట్టూ కాకా పాత్రను ధరించిన ఘనశ్యామ్ నాయక్, డాక్టరు హాథీ పాత్రను ధరించిన కవి కుమార్ ఆజాద్ మరణించిరి. కథ చెప్పు తారక్ పాత్రధారియే 2022లో తప్పుకొనెను. ఆ స్థానమున వేఱొకరు వచ్చిరి. జేఠాలాల్ కొడుకు టప్పు పాత్రకు ముగ్గురు నటులు మాఱిరి. 2008లో అల్లరి చేసిన బాలుడు యువకుడైనను, తండ్రికి ఎదురగు చిక్కులు మాత్రము మాఱలేదు. మూలరచయిత తారక్ మెహతాగారు 2017 మార్చిలో పరలోకగతు లైరి. ఆట మాత్రము సాగినది.

దీనిని చూచి నటులను, దర్శకులను నిందించుట తేలిక. కాని ఆట యేల ఆగదో తెలిసికొనుట మేలు. చానలువాని ఆదాయము ప్రకటనల వలన వచ్చును. గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలు వేయరాదని నియమ మున్నది. కనుక ఆ నిమిషముల వెల పెంచుకొనుటయే మార్గము. వెల ఎక్కువ పలుకవలె నన్నచో ఆ వేళకు చూచువారు ఇందఱని రుజువు కావలయును. ఆ లెక్క కొఱకు 2015 నుండి బార్క్ అను సంస్థ దేశమున కొన్ని పదుల వేల యిండ్లలో యంత్రముల నమర్చి, ఏ పెట్టెలో ఏ వేళ ఏ చానలు నడచుచున్నదో వ్రాసికొనుచున్నది. ఆ లెక్క ప్రతివారమును వెలువడును. దానిని బట్టియే ధర.

ఇప్పుడు చానలు యజమాని స్థానమున మీరు కూర్చుండి ఆలోచింపుడు. పాత ధారావాహికకు ఇల్లు కట్టియున్నది, వేషములు సిద్ధము, నటులు జనులకు తెలిసినవారు, ప్రకటనలవారు కుదిరియున్నారు. క్రొత్త దానికి ఇవన్నియు క్రొత్తగ సమకూర్పవలెను. పదింట ఎన్ని నిలుచునో చెప్పలేము. పాడియావు పాలు తగ్గినను, ఎఱుగని పెయ్యను కొనుటకు జంకు రైతువలె నతడు జంకును. నూఱుమంది పనివారికి పాత ఆటయందే నెలనెల కూలి దొరకుచున్నది. ఆపివేయుమని చెప్పుట కెవరికి నోరు వచ్చును?

ఇక్కడ ఒక సూక్ష్మము గమనింపవలెను. ఆ యంత్రము చూపునే కొలుచును, సంతోషమును కొలువజాలదు. పెట్టె నడచుచున్నదని దానికి తెలియును. దాని యెదుట నున్న అవ్వ నవ్వుచున్నదో, కునుకు తీయుచున్నదో, చేటలో కందులు చెఱుగుచు తల యెత్తక యున్నదో దానికి తెలియదు. అలవాటు చొప్పున నడచు పెట్టెయు, ఆనందముతో చూచు పెట్టెయు దాని లెక్కలో నొక్కటే. అందుచేత హాస్యము చచ్చిన తరువాత గూడ చాల యేండ్లు లెక్క బ్రతికియుండును.

అమెరికాలో ఇందుకు ప్రసిద్ధమైన దృష్టాంత మున్నది. "హ్యాపీ డేస్" అను హాస్య ధారావాహిక 1974లో మొదలై మంచి పేరు పొందెను. 1977లో, క్రొత్త వింతలు తోచక కాబోలు, అందలి ముఖ్యపాత్ర నీటిపై జారుచు సొరచేపపైనుండి దుమికినట్లు చూపిరి. అంతకు పూర్వ మది యొక ఊరిలోని మామూలు మనుష్యుల కథ. సొరచేపకును ఆ కథకును సంబంధము లేదు. తరువాతి కాలమున ఆ దృశ్యమును బట్టి, సత్తువ తఱిగిన దేదైనను సొరచేపను దుమికినదని యనుట ఇంగ్లీషున జాతీయ మయ్యెను. వింత యేమనగా, ఆ దుముకు తరువాత గూడ ఆ ధారావాహిక 1984 వఱకు నడచినది. మన అమృతరావు చంద్రునిమీద హోటలు పెట్టుట కూడ ఆ జాతిదే యని నాకు తోచును.

హాస్యము ముదిరినదని మూడు గురుతులను బట్టి పోల్చుకొనవచ్చును. మొదటిది, స్వభావము వికృత మగుట. మొదట మనిషిలో నొక గుణముండును. పోను పోను ఆ గుణములో మనిషి మునిగిపోవును. కొంచెము పిసినారి యైనవాడు పిసినారితనము తప్ప మఱేమియు లేని బొమ్మ యగును. రెండవది, ఇంటి కష్టము చాలక వింతలు వెదకుట. దొంగలు, దయ్యములు, విదేశ యాత్రలు, కలలు వచ్చును. మూడవది, నవ్వవలసిన చోటును మనకు చెప్పుట. వాద్యము మ్రోగించి, ఒకే ముఖమును మూడుమార్లు చూపి నవ్వుమందురు. తినగా తినగా గారెలు చేదని మన పెద్దలన్నారు. గారె మాఱలేదు; నాలుక విసిగినది. కాని పై మూడు గురుతులును కనబడినప్పుడు గారె కూడ మాఱినదని తెలియవలెను.

అంతమాత్రమున దీర్ఘకాలము సాగినవన్నియు చెడినవని యనరాదు. ఇంగ్లండున "లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్" అను హాస్య ధారావాహిక 1973 మొదలు 2010 వఱకు, అనగా 37 సంవత్సరములు నడచెను. మన వంటి పెద్దలకు అది ప్రత్యేకముగ తెలియదగినది. ఏలయనగా పనిపాటలు ముగిసిన ముగ్గురు వృద్ధులు యార్క్‌షైరు కొండపల్లెలో తిరుగుచు చేయు చిలిపిపనులే దాని కథ. మొత్తము 295 భాగములను రాయ్ క్లార్క్ అను నొక్క రచయితయే వ్రాసెను. 37 ఏండ్లకు 295 అనగా ఏడాదికి ఎనిమిది చొప్పున మాత్రమే. నేలను నడుమ నడుమ బీడు విడిచిన రైతు పంట వంటిది ఆ హాస్యము. ఐనను వార్ధక్యము దానిని విడువలేదు. ముఖ్యనటులు ఒక్కరొక్కరుగ కాలధర్మము చెందిరి. చివరి యేండ్లలో ఇద్దఱు ముదుసలి నటులను బీమా నిబంధనల వలన ఆరుబయట తిప్పుటకు వీలులేక గదులలోనే చూపవలసి వచ్చెను. కొండలలో తిరుగుటయే ప్రాణముగ గల కథలో వారు గదిలో కూర్చుండుట చూచి, ఇంతటితో చాలునని యనుకొన్నవారు గలరు.

ఆ దేశముననే "ఫాల్టీ టవర్స్" అను నింకొక హాస్య ధారావాహిక గలదు. అదియు, మన అమృత విలాసమువలె, ఒక హోటలు కథయే. 1975లో ఆరు, 1979లో ఆరు, వెరసి పండ్రెండు భాగములతో ముగించిరి. అరువది నాలుగు కళలలో దేనియందైనను ఇంత స్వల్పమునకు ఇంత కీర్తి వచ్చుట అరుదు. అమెరికాలో "సైన్‌ఫెల్డ్" అను దానిని 1998లో, దేశమంతయు చూచుచుండగనే, 180 భాగములతో ఆపివేసిరి. ఇంకొక్క యేడు నడుపుటకు చానలువారు చూపిన అపారధనమును ఆ నటుడు వలదనెను. పంక్తిలో వడ్డన కాగానే లేచినవానికిని, ఎంగిలి విస్తరిముందు కూర్చున్నవానికిని గల భేద మిది.

ఇంతవఱకు చుట్టము తప్పును చెప్పితిని. ఇంటివారి సంగతి కూడ చెప్పకున్నచో మాట సగమే యగును. కొడంగల్ చుట్టుపట్ల పల్లెలనుండి యువజనులు కూలినాలికి బొంబాయి, పూనా, హైదరాబాదులకు తరలిపోవుట మీ రెఱిగినదే. ఇంటిలో మిగులునది అవ్వ, తాత, ఒక్కొక్కచోట చిన్న మనుమలు. పదిమంది మెలగిన వాకిట సాయంకాలము నిశ్శబ్దము. అప్పుడు పెట్టె నడపినచో, అందులో నిండిన యిల్లు కనబడును. అలుకలు, అల్లరులు, పండుగలు కనబడును. జేఠాలాల్ తన తండ్రికి జంకి చేతులు కట్టుకొని నిలుచుండుట చూచి, తన కొడుకును తలచుకొను తల్లి లేదా? ఆమెకు కథ పాతబడుట గొప్ప లోపము కాదు. రేపు కూడ వారు వత్తురనుటయే ఆమెకు ఊరట. అట్టి ఆమెయొద్దకు పోయి ఆట మంగళము పాడవలెనని వాదించుటకు నాకు నోరు రాదు.

కాని ఆ తల్లి కొఱకే నేను ఈ మాట చెప్పుచున్నాను. ఆమె విశ్వాసము పెద్ద ధనము. విశ్వసించి తలుపు తెఱచిన యింటిలో మర్యాదగ మెలగుట వచ్చినవాని విధి. పోయిన పాత్ర తిరిగి వచ్చునని యేండ్ల తరబడి ఊరించుట ఆమె విశ్వాసముతో వ్యాపారము చేయుటయే. నిన్నటి హాస్యమునే నేడు మఱల వేడిచేసి వడ్డించుట ఆమె ఒంటరితనమును అలుసుగ గొనుట. మఱియొక నష్టము గలదు. పాతది కదలనిచో క్రొత్తవానికి చోటు లేదు. తాండూరు నాపఱాతి గనులలో పనిచేయువారి మాటలలోను, సంతలో బేరమాడు అమ్మల నోటను, తెలుగు, కన్నడము, ఉర్దూ కలసిన ఈ సరిహద్దు ప్రాంతపు పలుకులోను ఎంత హాస్యమున్నది! దానిని వ్రాయగల పడుచువాడు ఈ జిల్లాలోనే యుండవచ్చును. అతని అరగంటను పాత ఆట ఆక్రమించుకొని కూర్చున్నది.

తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క తరతరములుగ నున్నారు. వారికి వార్ధక్యము లేదు. వారిని చూచి విసిగినవా రెవరును లేరు. ఏలయనగా వారు కథకు నడుమ వచ్చి, నాలుగు మాటలాడి, నవ్వించి, తెరవెనుకకు పోవుదురు. ఇంక కొంచెముసేపు ఉండుమని పిల్లలు కేక పెట్టినను నిలువరు. వారి దీర్ఘాయువునకు రహస్యము ఆ నిష్క్రమణమే.

ఇక మనము చేయదగిన దేమి? చానలువారికి జాబులు వ్రాయుట, వారు మాఱుట, దూరపు మాట. మన చేతిలో నున్నది మీట. యంత్రమునకు తెలియని లెక్క మనకు తెలియును. ఒక వారము దినములు, చూచుచున్న ఆటయందు నిజముగ ఎన్నిమార్లు నవ్వితిమో మనసులో గుర్తుంచుకొందము. ఒక్కమారును నవ్వనిచో, ఆ చుట్టమునకు తాంబూలమిచ్చి సాగనంపుటయే మర్యాద. ఆ అరగంట ఊరక పోదు. దూరమున నున్న కొడుకునకు ఫోను చేయవచ్చును. ప్రక్కయింటి అవ్వను పిలిచి అరుగుమీద కూర్చుండబెట్టవచ్చును. మనుమనికి బాగోతపు కథ నొక్కదానిని మొదటినుండి తుదివఱకు చెప్పవచ్చును. తుదివఱకు అను మాటను నేను కావలెననియే చెప్పితిని. ముగింపు గల కథను వినక పెరిగిన పిల్లవానికి, ఏ పని నెక్కడ ఆపవలెనో తెలియుట కష్టము. పాత "అమృతం" భాగమునైనను వానితో కలసి చూడవచ్చును; అరగంటలో నవ్వించి అది తానే వెడలిపోవును.

పెద్దలమైన మనకు ఈ విషయము మఱియొక విధముగ గూడ తగులును. ఇంటి పెత్తనము, కొట్టు తాళపుచెవులు, పంచాయితీ మాట, ఇవన్నియు ఒకనాడు మనకు ఆదరముతో దక్కినవే. విసుగు పుట్టకముందే వానిని చేతులు మార్చినవాని మాటకు ఇంటిలో విలువ యుండును. మార్చనివాని యెదుట జనులు కూర్చుందురు, కాని వినరు. టెలివిజను ఆటను చూచి నవ్వు రాకున్నను, ఈ పాఠమొక్కటి నేర్చుకొన్నచో మనము వెచ్చించిన సాయంకాలములు వ్యర్థము కావు.

నా కొసగిన వేళయు ముగిసినది. సెలవు.